ఏడో మలుపు, నాలుగు సెకన్లు

మంచు కాలం, 23వ రోజు

ట్రిప్పు షీట్ల వెనక రాస్తున్నాను. ఫోన్‌లో రాస్తే అది ఎవరికి మోస్తుందో నాకు తెలీదు. కాగితం నోరు మూసుకుని పడుంటుంది.

ఈరోజు కొండ మీంచి కిందికి మూడో దింపుడులో బండి మనిషికి తగిలింది. ఏడో మలుపులో, అద్దాల గాసన్నకి. కుడికాలు మోకాలి కింద విరిగింది. ప్రాణానికి భయం లేదన్నారు. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే కూడా చేతిగుడ్డ కోసం వెతుక్కున్నాడు. ఈ ఘాట్‌లో పదకొండు మలుపుల దగ్గరా నిలబెట్టిన గుండ్రటి అద్దాల మీద చెమ్మ తుడవడమే అతని ఉద్యోగం. మేం కనిపిస్తే ఆ గుడ్డే ఊపి పలకరిస్తాడు.

ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. రాస్తే నిలకడ వస్తుందేమో అని రాస్తున్నాను.

పైమెట్ట చెక్‌పోస్టు దగ్గర మంచు కమ్మగానే, డ్రైవరు లేకుండా నడిచే ఈ బస్సులు వాటంతట అవే ఆగిపోతాయి. వాటి కళ్లు మంచులో పనికిరావు. అప్పుడు మేం ఎక్కుతాం, చేతి లైసెన్సు ఉన్న పన్నెండుమందిమి. “తీసుకున్నాను” అంటాను. “ఇచ్చాను” అంటుంది బండి. అక్కణ్ణించి దిగుమెట్ట పోస్టు దాకా చక్రం నాది, తప్పు జరిగితే అదీ నాదే. ఆ మధ్యలో ‘తీసుకో’ అన్న ఒక్క మాట తప్ప బండి మా మాటలు వినకూడదు, ఏదీ గుర్తుపెట్టుకోకూడదు. మా ముందువాళ్లు నలభై రోజులు సమ్మె చేసి సాధించుకున్న హక్కు అది. నాకూ ప్రయాణికులకూ మధ్య గోడ ఉంటుంది. కాబట్టి ఏడో మలుపులో ఏం జరిగిందో చెప్పగలిగేదాన్ని నేనొక్కదాన్నే.

జరిగింది ఇది. ఆరో మలుపు దాటాక మంచు పలచబడింది. భుజం లాగేస్తోంది. చుట్ట వెలిగించుకుందామనిపించింది. మా అమ్మమ్మ నేర్పిన అడ్డపొగ, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేది. దానికి రెండు చేతులూ కావాలి. “తీసుకో” అన్నాను బండితో. “తీసుకున్నాను” అంది. మేమందరం చేసే పనే, కొత్తేం కాదు. నాలుగు సెకన్లు గడిచాయో లేదో మంచు మళ్లీ ముద్దగా వచ్చి పడింది. బండి ఆగలేదు.

చక్రం వదిలెయ్యడం మా వృత్తిలో అన్నిటికన్నా పెద్ద నేరం. జన్మకి లైసెన్సు ఉండదు. నాకు నలభై మూడేళ్లు, చక్రం తిప్పడం తప్ప ఇంకో పని చేతకాదు.

మా స్టాండులో ఒక ఆచారం ఉంది. ఏం జరిగినా పొద్దు గుంకేలోగా చెక్‌పోస్టులో, తప్పు చెబితే అక్కడికక్కడే శిక్ష చీటీ ఇచ్చే తీర్పుపెట్టె దగ్గరికెళ్లి, అన్నిటికన్నా చిన్న తప్పు ఒప్పేసుకోవాలి. మా యూనియన్ పెద్ద సన్యాసప్పడు మావ నన్ను జబ్బ పట్టుకుని తీసుకెళ్లాడు.

“హారన్ కొట్టనేదని సెప్పీవే. ఆరు రోజులు కూకోబెడతాది. ఒక దెబ్బకి ఒకటే తీర్పు. మరింక నిన్ను ఎవుడూ ఏటీ అడగలేడు.”

పెట్టె ముందు నిలబడి చెప్పాను: “మలుపులో చక్రం నా చేతిలో ఉంది. హారన్ కొట్టలేదు.” చీటీ బయటికి వచ్చింది. ఆరు రోజులు చక్రం ముట్టకూడదు. మావ ఆ చీటీని చేత్తో సాపుచేసి, పెళ్లిపత్రికలాగా మడిచి నా జేబులో పెట్టాడు.

25వ రోజు

గోరుచుట్టు మీద రోకటిపోటు. పెట్టె నా పేరు మీద ఇంకో చీటీ పంపింది: నూకరత్నం, ఏడో మలుపు అద్దం పగలగొట్టినందుకు మరో రెండు రోజులు.

పరుగున మావ దగ్గరికెళ్లాను. ఒక దెబ్బకి ఒకటే తీర్పు అన్నావు కదా, ఇదేమిటని అడిగాను. “అద్దం మనిసి కాదు కదేటే. అద్దం లెక్కలోకి రాదు” అన్నాడు. ఆయన దగ్గర ప్రతిదానికీ ఒక సమాధానం ఉంటుంది.

అద్దానికి కూడా కేసుంది ఈ ఘాట్‌లో. మంచుకి ఒక్కదానికే లేదు.

ఖాళీగా కూర్చోలేక ఇల్లంతా మూడుసార్లు తుడిచాను. చేసిన అన్నం వీధికుక్క తింది.

32వ రోజు

ఇవాళ మళ్లీ చక్రం పట్టాను. ఏడు దింపుళ్లు. ఒక్కసారి కూడా వదల్లేదు. ఏడో మలుపులో కొత్త అద్దం పెట్టారు, దాన్ని తుడిచే మనిషి లేడు. అందులో బండి కాదు, ఒట్టి తెలుపు కనపడింది.

దిగుమెట్టలో దిగేసరికి గాయం కేసు నోటీసు. “నిర్లక్ష్యంగా నడిపి మనిషిని గాయపరచుట.” రుజువైతే మూడేళ్లు చక్రానికి దూరం, ఆ తర్వాత మళ్లీ మొదటినుంచి పరీక్ష. ఆ వయసులో ఈ భుజంతో ఆ పరీక్ష నేను గట్టెక్కలేను.

వకీలు తవిటినాయుడు గారి దగ్గరికెళ్లాను. మూడు చీటీలూ బల్లమీద పరిచి, కళ్లజోడు నుదుటిమీదికి తోసి చాలాసేపు చూశారు.

“ఒకే తప్పుకి మనిషిని రెండుసార్లు శిక్షించకూడదు. అది చట్టమేనమ్మా, మీ స్టాండు మాట కాదు. కానీ ఒకే తప్పుకి అన్నారు గానీ ఒకే ప్రమాదానికి అనలేదు. మీవాళ్లు ఆ రెండిటినీ కలిపేసి ఇన్నేళ్లూ తిరుగుతున్నారు.”

“అయితే వాదించరా?”

“వాదిస్తాను. ఓడిపోతాననుకుంటున్నాను. ఇదిగో చూడు, ఈ మొదటి చీటీలో నువ్వే చెప్పావు, చక్రం నా చేతిలో ఉందని. వాళ్లు ఇంకేం రుజువు చెయ్యక్కర్లేదు. నీ మాటే నీ మీద సాక్ష్యం.”

చక్రం నా చేతిలో లేదని చెబితే గాయం కేసు పోతుంది, జన్మకి లైసెన్సు పోతుంది. ఉందని చెబితే మూడేళ్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయనకి నిజం చెప్పలేదు. ఆయన కూడా అడగలేదు. చుట్ట మరకలున్న నా వేళ్లవంక చూశారంతే.

35వ రోజు

వాదన అయింది. మేజిస్ట్రేటు మనిషే, తెర మీద కనపడింది. జలుబు చేసినట్టుంది, ముక్కు తుడుచుకుంటూనే విన్నది. తవిటినాయుడు గారు బాగానే చెప్పారు: అదే బండి, అదే మలుపు, అదే నిమిషం, ఒక్క మనిషిని ఎన్నిసార్లు నిలబెడతారని.

ఆవిడ తాపీగా జవాబిచ్చింది. “హారన్ కొట్టకపోయినా ఎవరికీ దెబ్బ తగలకుండా పోవచ్చు. హారన్ కొట్టినా దెబ్బ తగలవచ్చు. ఒకటి రుజువైతే రెండోది రుజువైనట్టు కాదు. కాబట్టి ఇవి రెండు వేరు వేరు నేరాలు. విచారణ సాగుతుంది.”

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చాక గిన్నెలు తోముతూ ఆ మాటలే నెమరేశాను. ఎంత నెమరేసినా ఎక్కడా తప్పు దొరకలేదు, అది ఇంకా మంట.

41వ రోజు

గాసన్న సాక్ష్యం చెప్పాడు. చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు, కాలికి కట్టు. హారన్ వినపడిందా అంటే గుర్తు లేదన్నాడు. బండి ఎంత వేగంతో వచ్చిందంటే గుర్తు లేదు. మెరిసే చొక్కా వేసుకున్నావా అని అడిగారు.

“నేదండి. ఆరేసినాను. ఎండనేదు.”

మెరిసే చొక్కా లేకుండా రోడ్డు మీదికి రావడం అద్దాలవాళ్ల నిబంధనలకి విరుద్ధం. తప్పు అతని మీదికి తిరిగింది. నా నిర్లక్ష్యం రుజువు కాలేదని మేజిస్ట్రేటు కేసు కొట్టేసింది. ఈ గాయం విషయంలో మీ మీద ఇక ఎవరూ, ఎప్పుడూ మళ్లీ కేసు పెట్టలేరని కూడా చెప్పింది.

స్టాండులో మిఠాయి పంచారు. “నేను సెప్పనేదేటే” అని సన్యాసప్పడు మావ నా వీపు మీద చరిచాడు. నవ్వాను. సాయంత్రం కబురొచ్చింది: గాసన్నని అద్దాల పనిలోంచి తీసేశారు.

అప్పటికే రెండు మిఠాయిలు తిన్నాను. 

42వ రోజు

అరటిపళ్లు తీసుకుని గాసన్న ఇంటికెళ్లాను. దిగుమెట్ట చివర, రేకుల ఇల్లు. చెల్లెలు సొంబారి పైమెట్టలో కాఫీగింజలు ఆరబోసే కళ్లంలో పనిచేస్తుంది, ఇంకా ఇంటికి రాలేదు. గాసన్న మంచం మీద కాలు చాపుకుని, ఒక స్టీలు గిన్నెని గుడ్డతో తుడుస్తున్నాడు. మెరిసిపోతున్న గిన్నె అది, తుడవాల్సిన అవసరమేం లేదు.

“నీ ఉద్యోగం పోయిందట కదా గాసన్నా” అన్నాను.

“పోనీవక్కా. కాలు ఎలాగూ నేదు.”

 లేచిపోదామనుకుంటుండగా గిన్నె పక్కన పెట్టాడు.

“అక్కా, నాను సూసినాను. అగ్గిపుల్ల ఎలుగు. మంచులోంచి ఎర్రగా కనపడినాది. నీ రెండు సేతులూ మొకం కాడే ఉన్నాయి.”

చేతిలో అరటిపళ్లు నేలమీద పెట్టాను.

“కోర్టులో ఎందుకు చెప్పలేదు?”

“సెప్తే నీ బతుకు పోద్ది కదా. నా కాలు తిరిగొస్తాదేటి?” కాలి కట్టు సర్దుకున్నాడు. “ఒకటి సెప్పు సాలు. అది ఏ బండి? నంబరు సెప్పు. సొంబారి దినామూ ఎక్కి దిగతాది. మంచులో సూపు నేకుండా తీసుకున్నానని సెప్పే బండి అది. దాన్ని ఎక్కొద్దని సెల్లికి సెప్పుకుంటాను.”

చెప్పలేకపోయాను. ఒక్క బండి అయితే చెప్పేదాన్ని. తొమ్మిదేళ్లుగా అన్ని బళ్లకీ “తీసుకో” అన్నాను, ఒక్కటి కూడా నా వల్ల కాదనలేదు. నాకు కళ్లు లేవు, నువ్వే పట్టుకో అని ఒక్క బండీ అనలేదు. ఇప్పటిదాకా ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

43వ రోజు

తవిటినాయుడు గారిని అడిగాను, బండిదే తప్పని ఎప్పుడు రాస్తారని.

“ఒక బండి మీద ఫిర్యాదు వస్తే పెట్టె దాన్ని డ్రైవరు తప్పుగానే చూస్తుంది. ఒకే రకం ఫిర్యాదు మూడు వేరు వేరు బళ్ల మీద వస్తే అప్పుడు అన్ని బళ్లనీ ఆపేసి లోపల చూస్తారు. ఈ ఘాట్‌లో ఎప్పుడూ రాలేదు. రికార్డంతా హారన్లే. ఏడో మలుపులో ముప్ఫై ఒక్కసార్లు హారన్ మర్చిపోయారట. నాకూ వింతగానే ఉంది.”

మాకు వింత కాదు. ముప్ఫై ఒక్కసార్లు తేలు కుట్టిన దొంగల్లా నోరు మూసుకున్నాం.

“ఎవరైనా వచ్చి నిజం చెబితే ఏమవుతుందండీ? గాయం కేసు కొట్టేశారు కదా.”

“గాయం కొట్టేశారు. చక్రం వదిలేసిన నేరం ఎవరూ విచారించలేదే. అది వేరే నేరం.” అని, రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు. “నువ్వు నన్నేం అడగలేదు, నేనేం వినలేదు. ఇంటికెళ్లి పడుకో తల్లీ.”

పడుకోలేదు. పెరట్లో ఈ చివరనుంచి ఆ చివరకి తిరుగుతూనే ఉన్నాను.

44వ రోజు

దిగుమెట్టనుంచి ఖాళీ బళ్లని పైకి ఎక్కించే పని నేను అడిగి తీసుకున్నాను. మొదటిది తెల్ల బస్సు. రెండో మలుపు దాటాక నేరుగా ఉండే ముక్కలో, నా చెయ్యి నాకే కనపడనంత మంచులో, మెల్లగా నడుపుతూ “తీసుకో” అన్నాను.

“తీసుకున్నాను” అంది వెంటనే. గొంతులో ఎంత మర్యాదో.

చేతులు చక్రానికి వేలెడు దూరంలో పెట్టి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. బండి సాఫీగా, ఎక్కడా తడబడకుండా, తిన్నగా కొండరాయి మీదికి పోతోంది. పట్టుకుని తిప్పాను. అద్దం మీద చెట్టుకొమ్మ గీసుకుపోయింది. ఆపి, తలుపు తీసి, దిగి రోడ్డు పక్కన కూర్చున్నాను.

మధ్యాహ్నం నీలం బస్సుతో మళ్లీ చేశాను. ఈసారి మూడు దాకా లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది. రెండు దగ్గరే పట్టుకున్నాను. అదీ తీసుకుంది. అది లోయవైపు పోయింది.

గాసన్నని గుద్దినది పసుపు బస్సు. మొత్తం మూడు.

45వ రోజు

మధ్యాహ్నం సన్యాసప్పడు మావ స్టాండులో నన్ను ఆపాడు. తవిటినాయుడు గారు వినలేదన్నారు గానీ ఎవరికో వినపడే ఉంటుంది.

“ఒలే, పిచ్చెక్కినాదేటే? గెలిసిన కేసు. ఎవుడు అడిగినాడు నిన్ను? నువ్వెల్లి సెప్తే మిగతా పదకొండుమందినీ అడుగుతారు. నన్ను అడుగుతారు. ముప్పై ఏళ్లు నడిపినాను నాను.”

“నీ పేరు చెప్పను మావా. నావి నేను చెప్పుకుంటాను.”

“నావి నావి అంటావు, అందరివీ అవే కదే!”

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మావ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. కోపం వచ్చుంటే తేలిగ్గా ఉండేది. పక్కనుంచి తప్పుకుని నడిచాను. వెనక్కి పిలుస్తాడేమో అనుకున్నాను, పిలవలేదు.

తీర్పుపెట్టె ముందు నిలబడి ఏడో మలుపు తారీఖు చెప్పాను.

“ఈ ఘటన మీద మీకు మూడు తీర్పులు ఉన్నాయి. హారన్, అద్దం, గాయం. మళ్లీ విచారణ కుదరదు” అంది పెట్టె.

“ఇది వేరే నేరం. చక్రం వదిలేశాను. మంచులో బండిని తీసుకోమన్నాను. తీసుకుంది.”

“హారన్ తీర్పులో చక్రం మీ చేతిలో ఉందని చెప్పారు.”

“అబద్ధం చెప్పాను.”

“అబద్ధం చెప్పడం మరో నేరం.”

“అదీ రాసుకో.”

చీటీ వచ్చింది. జన్మకి లైసెన్సు రద్దు. పెట్టె అంచు పట్టుకున్నాను. ఇంకేమైనా చెప్పాలా అని అడిగింది. తెల్ల బస్సు సంగతి చెప్పాను. జన్మకి రద్దు, రెండో చీటీ. నీలం బస్సు సంగతి చెప్పాను. మూడో చీటీ కూడా అదే మాటతో వచ్చింది. ఉన్నది ఒక్క జన్మే కాబట్టి రెండు చీటీలు నాకు మిగులు.

నాలుగో కాగితం మాత్రం నా పేరు మీద రాలేదు. “సుంకరలోవ ఘాట్, అన్ని బళ్లు, తనిఖీ అయ్యేదాకా నిలుపుదల.” తలెత్తి చూసేసరికి చెక్‌పోస్టులో వరసగా ఉన్న పద్నాలుగు బళ్ల దీపాలూ ఒక్కసారే ఆరిపోయాయి. స్టాండులో ఎవరో నా పేరున్న పలక గోడమీంచి పీకి కింద పడేసిన చప్పుడు వినపడింది.

జనం బళ్లు దిగి తిట్టడం మొదలెట్టారు. మధ్యాహ్నం షిఫ్టు అయిపోయి కళ్లంనుంచి వచ్చినవాళ్లు నలభైమంది ఉంటారు. దిగుమెట్టకి పదకొండు మలుపులు, పద్నాలుగు కిలోమీటర్లు.

“నడిచి దిగాలి. దారి నాకు తెలుసు, నేను ముందు నడుస్తాను” అన్నాను. ఎవరికీ వేరే దారి లేదు. తిట్టుకుంటూనే నా వెనక బయల్దేరారు.

మూడో మలుపు దగ్గర ఒక అమ్మాయి నన్ను కలిసింది, రెండు చేతుల్లో రెండు సంచులు. మంచులో దగ్గరికొచ్చేదాకా పోల్చుకోలేదు. రోజూ మా బళ్లెక్కే గాసన్న చెల్లెలు, సొంబారి. పెట్టె దగ్గర నేను మాట్లాడింది తను విన్నట్టుంది. కొంతదూరం నా పక్కనే నడిచింది.

“మా అన్న కాలు నువ్వేనేటి ఇరిసినావు?”

గాయం గురించి నన్ను అడిగే హక్కు ఇక ఏ కోర్టుకీ లేదు. ఆ అమ్మాయి అడిగింది.

“అవును. నేనే.”

 కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండుననిపించింది. ఆమె అడుగులు నా అడుగుల పక్కనే పడుతున్నాయి, వెనక నలభైమంది చెప్పుల చప్పుడు. ఐదో మలుపు దాటాం. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, ముందుకీ వెనక్కీ ఊగుతున్నాయి.

సొంబారి ఆగి, ఒక సంచి నా చేతిలో పెట్టింది.

“బరువుగున్నాది” అంది.

నిజంగానే బరువుగా ఉంది. దిగుమెట్టలో వాళ్ల గుమ్మం దాకా మోసుకెళ్లి, లోపలికి వెళ్లకుండా అక్కడే నిలబడ్డాను.